పిడికెడు జొన్నలు

మా నాయనమ్మ పొయ్యికి ఎడమపక్క గోడవారగా ఒక మట్టి ముంత ఉండేది. ఎసరు మరిగి గింజలు పోసేముందు ఆవిడ చేటలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేది. కళ్లు మూసుకోవడం, పెదాలు కదపడం ఏమీ ఉండేవి కావు. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, మమ్మల్ని కసురుతూ, గడపలో నిలబడ్డ వాళ్లకు జవాబు చెబుతూనే వేసేది. శనివారానికి ముంత నిండేది. ఆదివారం పొద్దున దాన్ని గుడ్డలో మూటగట్టి గుడికి పట్టుకెళ్లేది.

దాని పేరు పిడికెడు బియ్యం. అయితే మాది కనిగిరి మెట్ట. నా చిన్నతనంలో మా పల్లెలో వరన్నం క్రిస్మసుకో, పెళ్లికో. ముంతలో పడేవి జొన్నలు, సజ్జలు, వరిగలు, కొర్రలు. పేరు మాగాణి వాళ్లది, గింజలు మావి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మా తాత ఆ పల్లెకు బోధకుడు. ఊరంతా తెచ్చిన మూటలు గుళ్లో ఒక గోతంలోకి దిమ్మరిస్తే, అందులో సగానికి పైగా ఆ సాయంత్రానికి తిరిగి మా ఇంటికే వచ్చేవి. పాతిక ఇళ్ల గింజలు కలిస్తే ఒక తీరున ఉడకవు. కొన్ని నిరుడువి, కొన్ని మొన్న కల్లంలోంచి వచ్చినవి, కొన్ని పుచ్చినవి. నాయనమ్మ సోమవారం పొద్దంతా జల్లెడ పట్టి, చెరిగి, జొన్నలు ఒక దిక్కు, సజ్జలు ఒక దిక్కు చేసేది. ఏ ఇంటివి పుచ్చు గింజలో ఆవిడకు తెలుసు. ఎన్నడూ పేరు చెప్పలేదు. "మనకే వస్తాయి గదా, మళ్లీ మనమెందుకు వెయ్యాలి నాయనమ్మా?" అని ఒకసారి అడిగాను. "వచ్చేవి మనకు. వేసేవి ఇంకో ఊరి బోధకుడికి" అంది, జల్లెడ ఆపకుండానే.

ముప్పై ఏళ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, మా వైపు సంఘాల చరిత్ర తీరిగ్గా చదువుకున్నాను. చదివిన ప్రతి పుస్తకంలోనూ పిలుపు కథలున్నాయి. ఒక మనిషి, ఒక రాత్రి, ఒక స్వరం. మర్నాడు ఆ మనిషి ఏం తిన్నాడన్నది చాలా పుస్తకాలు వదిలేశాయి. నాకు ముంత గుర్తొస్తూ ఉండేది.

మా మిషను కథను అమెరికాలో మొదలుపెట్టడం రివాజు. బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పదమూడేళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1853లో ఆల్బనీ పట్టణంలో పెట్టుకున్న సభలో నెల్లూరును మూసెయ్యాలా, ఉంచాలా అని తర్జనభర్జన జరిగింది. పటం మీద తెలుగు దేశమంతటికీ ఒక్కటే చుక్క. దాన్ని చూసి ఎవరో 'లోన్ స్టార్' అన్నారు. ఆ రాత్రే శామ్యూల్ స్మిత్ అనే కవి దాని మీద పద్యం కట్టాడు. నెల్లూరు మిగిలింది. మరుసటి ఏడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, లైమన్ జూవెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు ఒంగోలు కొండెక్కి ఈ చోటికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. అందుకే దాన్ని ప్రార్థన కొండ అంటాం.

ఆ ముగ్గురు క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. ఒంగోలులో ఎవరిని అడిగినా జూవెట్ పేరు చెబుతారు. ఈ ముగ్గురినీ చెప్పగలిగేవాళ్లు తక్కువ. కొండమీద ఉన్న అయిదుగురిలో ముగ్గురు ఇక్కడి మనుషులు, ముగ్గురు ఆడవాళ్లు. జూలియా తర్వాత ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పింది. అలాంటి వాళ్లను మావైపు బైబిలు స్త్రీ అనేవారు. బోధకుడి జీతమే అంతంతమాత్రం, బైబిలు స్త్రీది అందులోనూ తక్కువ.

కొండమీద అడిగిన మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. అయోవా నుంచి వచ్చిన జాన్ క్లౌ 1865లో నెల్లూరులో దిగాడు, 1866లో ఒంగోలు చేరాడు. దేవుడి పనికి రాకముందు భూములు కొలిచే సర్వేయరు. మా ముసలాళ్లు 'క్లౌ దొర' అన్నప్పుడు ఆ గొంతులో భక్తి కన్నా చనువు ఎక్కువ వినిపించేది.

నా లెక్కలో అసలు కథ క్లౌ దొరది కాదు, యర్రగుంట్ల పేరయ్యది. ఈయన తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. గురువుల వెంట తిరిగినవాడు, యోగసాధన చేసినవాడు, మా జనంలో పదిమంది మాట వినే మనిషి. తోళ్ల బేరం మీద ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి మిషనరీల దగ్గర క్రీస్తు సంగతి విన్నాడు. అంటే క్లౌ దొర ఒంగోలులో అడుగుపెట్టేటప్పటికే పేరయ్య వెతుకులాటలో ఉన్నాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. అదే నెలలో క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్తే అక్కడ 28 మంది సిద్ధంగా ఉన్నారు. ఆ 28 మందినీ సిద్ధం చేసింది పేరయ్య, నాగమ్మ. దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ జనం కథలను 1899లో ఒక ఇంగ్లీషు పుస్తకంగా అచ్చు వేయించింది. దాని పేరులోనే చెప్పులు కుట్టుకుంటూ చెప్పిన మాటలన్న సంగతి ఉంది.

ఇక పేరయ్య తర్వాత వందల మంది బోధకులయ్యారు గదా, వాళ్లకు తిండి ఎక్కడిది? ఇది తెలియాలంటే పాత పల్లె లెక్క తెలియాలి. మాదిగవాడు ఊరికి చెప్పులు కుట్టేవాడు, బావికి కపిల తోలు సిద్ధం చేసేవాడు, చచ్చిన గొడ్డును మోసేవాడు, జాతరలో డప్పు కొట్టేవాడు. దానికి కూలి డబ్బుల్లో లేదు. పంట కల్లానికొచ్చినప్పుడు ఇన్ని మానికలని గింజలు కొలిచేవాళ్లు. దాన్ని మేర అంటారు. కొలిచేవాడి చెయ్యి ఎలా ఒరిగితే అలా. క్లౌ దొర ఈ పద్ధతిని పరిశీలనగా చూశాడు. తన బోధకులను జీతగాళ్లుగా చేయడం కన్నా, పల్లె తన గురువుకు ఎలా పెట్టుకుంటుందో అలాగే పెట్టుకోనివ్వడం మేలనుకున్నాడు. మిషను చేతికి కొంచెం ఇచ్చేది, మిగతాది పల్లె గింజలే. మూడు నెలలకోసారి బోధకులంతా ఒంగోలు కాంపౌండుకు నడిచొచ్చి, నాలుగు రోజులుండి, కష్టసుఖాలు చెప్పుకుని, పాఠాలు విని పోయేవాళ్లు.

చిక్కెక్కడ వచ్చిందంటే, సంఘంలో చేరేవాళ్లకు దొర మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతం మాటలు. పల్లె లెక్కలో మూడూ మేర మీద వేటే. ఆదివారం పొలానికి రాకపోతే ఆసామికి కోపం. గొడ్డు మోయనంటే, జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. కల్లంలో గింజలు ఆపేశారు, బావి దగ్గరికి రానివ్వలేదు, ఉత్తపుణ్యానికి దొంగతనాలు అంటగట్టారు. తమ మేర పోగొట్టుకున్న ఆ ఇళ్లే తమ బోధకుడికి పిడికెడు తీసి పెట్టాయి.

ఇప్పుడు కరువు దగ్గరికి వస్తాను. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన కరువు అది. మా పెద్దవాళ్లు దాన్ని ధాతు కరువు అనేవాళ్లు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు క్లౌ దొర కంట్రాక్టుకు పట్టాడు. పాత సర్వేయరు చదువు పనికొచ్చింది. వేలమంది అక్కడ మట్టి మోసి కూలి తెచ్చుకున్నారు. బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు, మధ్యాహ్నం పని ఆగినప్పుడు వాక్యం చెప్పారు. దొర మాత్రం కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ, పదిహేను నెలలపాటు, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట వస్తుందని. సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు, మీ ఊళ్లకు పొండని చెప్పాక కూడా జనం కదల్లేదు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఆ అంకె మావైపు పిల్లలకు ఎక్కం లాగా నోటికొచ్చు. మా ముత్తాత ఆ 2,222 మందిలో ఒకడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఒంగోలు చుట్టూ ఉన్న ప్రతి క్రైస్తవ ఇంట్లోనూ ఇదే మాట చెబుతారు, అన్నీ కూడితే గుండ్లకమ్మ చాలదు. కాబట్టి నేను పట్టుబట్టను. నేను పట్టుబట్టేది ఇంకో సంగతికి. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు ఆరుగురు. ఒక్కోసారి ఇద్దరు దిగేవాళ్లు. వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం కాసేపు ఆపి, సాయంత్రం అయిదింటికి ముగించారు. అయినా నేను హైస్కూల్లో చదివేటప్పుడు తోటి పిల్లలు మమ్మల్ని 'పాలపిండి కిరస్తానోళ్లు' అనేవాళ్లు. అమెరికా పాలపిండి, గోధుమ నూకలు బళ్లో అందరూ తాగారు, అందరూ తిన్నారు. పేరు మాత్రం మాకు మిగిలింది. ఇంటికొచ్చి ఏడిస్తే నాయనమ్మ ముంత వైపు చెయ్యి చూపించి, "అది నింపేవాళ్ల పేరేంటో వాళ్లనడుగు" అంది. నేను అడగలేదు. అంత ధైర్యం నాకు నలభై ఏళ్లు దాటాక వచ్చింది.

మా తాత పిలుపు సంగతి చెప్పనే లేదు. ఆయన రామాపట్నంలో చదువుకున్నాడు. 1872లో సముద్రం ఒడ్డున పెట్టిన వేదాంత పాఠశాల అది. అక్కడ బోధకుల భార్యలకు కూడా పాఠాలుండేవి. నాయనమ్మ చదవడం నేర్చింది అక్కడే. మూడు నెలల కూటంలో ఎవరో వాక్యం చెబుతుండగా తాతకు లోపల కదిలిందట. అప్పటికి ఆయనకు పెళ్లయి రెండేళ్లు. రెండెకరాల కౌలు, ఒక జత ఎడ్లు ఉన్నాయి. ఎడ్లను అమ్మేసి రామాపట్నం బయలుదేరాడు. ఈ సాక్ష్యం ఆయన చాలా గుళ్లలో చెప్పేవాడు, ఎడ్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు గద్గదమయ్యేది. నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వేరేగా చెప్పేది: "ఆయనకు పిలుపొచ్చింది. నాకు కబురొచ్చింది. ఎడ్లు అమ్మాక."

మా నాన్న కూడా పాస్టరే. ఆయన పనిచేసిన ఒకచోట ఎనిమిది నెలలు జీతం ఇవ్వలేదు. సంఘపెద్దల మధ్య ఏదో తగువు, అందులో మాకు సంబంధం లేదు. ఆ ఎనిమిది నెలలూ ఇల్లు గడిచింది ఆదివారం గోతంతోనే. మా అమ్మ ఆ కాలాన్ని ఎన్నడూ తలుచుకోదు. నేనిక్కడ రాశానని తెలిస్తే ఊరుకోదు కూడా.

నాయనమ్మ 'ఇంకో ఊరి బోధకుడికి' అన్న మాట ఎంత దూరం పోయిందో నాకు పుస్తకాల్లోనే తెలిసింది. ఆ ఇంకో ఊరు ఆఫ్రికాలో ఉంది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో నేటాల్‌లోని డర్బన్ రేవుకు చేరింది. 1911లో ఆ రవాణా ఆగేలోపు 1,52,184 మందిని అలా తీసుకుపోయారు. చాలామంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లు, అందులో గంజాం, విశాఖ, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు తెలుగువాళ్లు బోలెడు. అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, కొలిచిన రేషను, బ్యారక్సులో ఒక గది. అక్కడి చెరకు, తేయాకు తోటల్లో ఉన్న తెలుగు బాప్టిస్టులు తమకు కాపరి లేడని, ఒకరిని పంపమని ఇంటి సంఘాలకు మొరపెట్టుకున్నారు.

అమెరికా బోర్డును అడగొచ్చు, లండనును అడగొచ్చు. ఆ పని నెత్తికెత్తుకున్నది తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ, అంటే మా సంఘాలవాళ్లు సొంతంగా పెట్టుకున్న మిషను. 1903లో జాన్ రంగయ్యగారిని, ఆయన భార్యతో సహా నేటాల్ పంపింది. అరవై ఏళ్ల కిందట మిషనరీలను దింపుకున్న రేవుల నుంచి ఈసారి మిషనరీ ఎక్కాడు. ఎక్కించినవాళ్లలో సొంత సెంటు భూమి లేనివాళ్లే ఎక్కువ. మిషను చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఏడాది 1878 కాదు, 1903.

ఆ ఏడాది డిసెంబరు 27న కియర్స్‌నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. క్రిస్మసు దాటిన రెండో నాడు. ఆ తోట సర్ లీజ్ హ్యూలెట్‌ది. ఆయన స్వయంగా మెథడిస్టు బోధ చేసే మనిషి, దొరల్లో అదొక అదృష్టం. అక్కణ్నుంచి చెరకు పండే ఉత్తర తీరం వెంబడి ఒక్కో సంఘమూ లేచింది. ఆ రోజుల్లో ఒప్పందం తీరిన కూలీ తిరిగి సంతకం చెయ్యకుండా అక్కడే ఉండదలిస్తే ఏడాదికి మూడు పౌండ్ల పన్ను కట్టాలి. 1895 నాటి చట్టం అది. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు, కొత్తగా వచ్చిన కూలీకి ఆర్నెల్ల జీతం. రంగయ్యగారి సంఘస్థులు ఆ బరువు మోస్తూనే ఆదివారం కానుకలు పట్టారు. 1913లో ఆ పన్ను మీదే గాంధీగారి వెనక వేలమంది కూలీలు సమ్మె కట్టారు, మరుసటి ఏడు అది రద్దయింది. రంగయ్యగారు 1915లో నేటాల్‌లోనే కన్నుమూశారు. పన్నెండేళ్ల సేవ.

విచిత్రంగా అదే 1903లో, ఫిబ్రవరి 12న, పాళయంకోటలో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీని పెట్టారు. వాళ్లు మిషనరీలను పంపింది తెలుగు దేశానికే, నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి. దాని స్థాపకుల్లో ఒకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య వైఎంసీఏలో మంచి కొలువు వదులుకుని 1909లో తానే డోర్నకల్ వచ్చేశాడు. పరాయి భాష నేర్చుకుని తెలుగులో వాక్యం చెప్పాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు. ఆయన మేత్రాసనంలో జనం మాల మాదిగలే, కూలినాలి వాళ్లే. ఇవ్వలేనంత పేదవాడు ఉండడని ఆయన నమ్మకం. దాని మీద ఒక పుస్తకమే రాశాడు. ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు తీసి పెట్టే ఆచారాన్ని పల్లెపల్లెకూ పట్టుకెళ్లాడు. దూరాన మిజో కొండల్లో కూడా 1910 నుంచి ఇదే ఆచారం నడుస్తోందని చదివినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. మా నాయనమ్మకు మిజోరం ఎక్కడుందో తెలియదు.

అజరయ్యగారి మాటతో నాకు పూర్తిగా ఏకీభావం లేదని కూడా చెప్పాలి. పేదవాణ్ని ఇవ్వమనడం అతని పరువు నిలబెట్టడమే, ఒప్పుకుంటాను. అయితే పిడికెడు తీసిన పూట ఎవరి కంచంలో తగ్గిందో కూడా లెక్క రాయాలి. మా ఇంట్లో చివర తినేది నాయనమ్మ. సంఘం రిజిస్టరులో 'కానుక: జొన్నలు, నాలుగు కుంచాలు' అని ఉంటుంది, పక్కన ఇంటి యజమాని పేరు ఉంటుంది. ఆ పద్దులో ఆడపేరు నాకు ఒక్కటీ కనిపించలేదు.

ఇప్పుడు మా గుళ్లో కానుక పెట్టె మీద క్యూఆర్ కోడ్ అంటించారు. పిడికెడు బియ్యం ఇంకా తెచ్చేవాళ్లు ఓ నలుగురం ఉన్నాం. నేను స్టీలు డబ్బాలో తెస్తాను, ముంత ఏ ఇల్లు మారినప్పుడో పగిలిపోయింది. పాస్టరుగారు కుర్రవాడు, మర్యాదస్తుడు, పుచ్చుకుంటాడు గానీ ఆ రేషను బియ్యం ఏం చేసుకోవాలో ఆయన భార్యకు తెలియక ఇడ్లీకి వేస్తోంది. నాకే చెప్పింది.

మొన్న కోతకాలపు పండుగకు మా తమ్ముడు పల్లె నుంచి ఒక సంచి కొర్రలు తెచ్చి గుళ్లో ఇచ్చాడు. ఆరాధన అయ్యాక మామూలుగానే వేలంపాట పెట్టారు. గుమ్మడికాయలు, అరటిగెల, ఒక నాటుకోడి, పట్టుచీరె ఒకటి. ఈ వేలం డబ్బు గోదావరి ఏజెన్సీలో పనిచేస్తున్న ఒక సువార్తికుడికి పంపుతారు. పట్టుచీరె పన్నెండు వందల దగ్గర ఆగింది. కొర్రల సంచి ఎత్తేసరికి, మా నాయనమ్మ చుట్టాలొస్తే చాటున దాచిపెట్టే ఆ కొర్రల కోసం, షుగరున్న ఇద్దరు రిటైర్డు ఆఫీసర్లు పోటీపడ్డారు. ఆరు వందలు, వెయ్యి, పదిహేను వందలు. మూడోసారి అనబోతుండగా వెనక బెంచీలోంచి మా పాస్టరుగారి భార్య చెయ్యెత్తింది. ఆమె దగ్గర అంత డబ్బు లేదని అందరికీ తెలుసు. "పాట కాదండీ," అంది, "అందులోంచి ఒక పిడికెడు నాకివ్వండి, విత్తనానికి."